గ్రిల్ ఓవెన్: ఒకే పెట్టెలో రెండు పొయ్యిలు

ఇంటి సామాను: మీ ప్రశ్నలు, మెకానిక్ జవాబులు

దసరా, దీపావళి ఆఫర్లు ముగిసి నెల తిరక్కుండానే గ్రిల్ ఉన్న మైక్రోవేవ్ ఓవెన్ల మీద ఉత్తరాలు మొదలవుతాయి. కొన్నవాళ్ళు చాలామంది దాంతో వచ్చిన పుస్తకాన్ని థర్మాకోల్‌తో పాటే అటకెక్కిస్తారు. ఈసారి ఒకే సంగతిని నలుగురైదుగురు అడిగినచోట ప్రశ్నలు కలిపేశాను. కాకినాడలో నా షాపు బల్ల మీదికి వచ్చే ఓవెన్లను చూసి తెలిసింది చెబుతున్నాను గానీ నేను వంటల మాస్టర్ని కాను. కింద వచ్చే కాల్చిన వంకాయ సంగతి మాత్రం మా ఆవిడని అడిగి రాశాను.

ప్ర: అన్నయ్యగారూ, అడుగున ‘మైక్రోవేవ్ సేఫ్’ అని అచ్చు ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పన్నీర్ ముక్కలు పెట్టి గ్రిల్ నొక్కాను. కాసేపటికే ప్లాస్టిక్ కాలిన వాసన. తీసి చూస్తే అంచులు జారిపోయి డబ్బా స్టాండుకి అతుక్కుపోయింది. అదే డబ్బాలో రోజూ కూర వేడి చేస్తున్నాను, ఎప్పుడూ ఏమీ కాలేదు. డబ్బా కంపెనీ అబద్ధం రాసిందా?
– ఒక గృహిణి, తెనాలి

జ: డబ్బా మీద రాసింది నిజమేనమ్మా. తేడా అంతా మీరు నొక్కిన బటన్‌లో ఉంది. మీ ఇంట్లో ఉన్నది ఒక ఓవెన్ అనుకుంటున్నారు. ఒకే పెట్టెలో బిగించిన రెండు పొయ్యిలు అవి, వాటి పద్ధతులు ఒకదానికొకటి పడవు.

మైక్రో నొక్కితే మాగ్నెట్రాన్ అనే భాగం నుంచి తరంగాలు వస్తాయి. అవి పదార్థంలోని నీటిని, కొవ్వును వేడి చేస్తాయి. ప్లాస్టిక్, గాజు, పింగాణీల్లోంచి దాటిపోతాయి. కూర పొగలు కక్కుతున్నా డబ్బా పెద్దగా వేడెక్కదు, కూర సెగకు కాస్త వెచ్చబడుతుంది. ‘మైక్రోవేవ్ సేఫ్’ అన్న మాట ఆ వెచ్చదనం వరకే వర్తిస్తుంది.

గ్రిల్ నొక్కితే పైకప్పులో ఉన్న రాడ్డు ఎర్రగా కాలుతుంది. బొగ్గుల కుంపటిని తలకిందులుగా వేలాడదీశారనుకోండి. దాని కింద ఏది పెట్టినా, పన్నీర్ అయినా ప్లాస్టిక్ అయినా, ఒకేలా కాలుతుంది. గోడలు, తలుపు అద్దం, గాజు పళ్ళెం అన్నీ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి. మైక్రోకి అలవాటు పడినవాళ్ళు ఉత్త చేతులతో పళ్ళెం పట్టుకుని వేళ్ళు కాల్చుకునేది ఇక్కడే. మోచేతి దాకా వచ్చే గ్లౌజు ఒకటి కొనుక్కోండి. తడి మసిగుడ్డ వాడొద్దు, తడిలోంచి వేడి చటుక్కున చేతికి తగులుతుంది.

స్టీలు విషయంలో సీను తిరగబడుతుంది. మైక్రోలో స్టీలు గిన్నె పెడితే కూర సరిగ్గా వేడెక్కదు, అంచులు గోడకు దగ్గరైతే నిప్పురవ్వలు వస్తాయి. గ్రిల్ ఒక్కటే నడుస్తున్నప్పుడు లోహంతో ఇబ్బంది లేదు, అందుకే కంపెనీ వాడు ఇనుప కాళ్ళ స్టాండు ఇస్తాడు. ఇక మూడోది కాంబి. అందులో రెండు పొయ్యిలూ వంతులవారీగానో కలిసో పనిచేస్తాయి కాబట్టి రెండింటి షరతులూ కలిపి పాటించాలి. ప్లాస్టిక్ పనికిరాదు, స్టీలు పనికిరాదు. స్టాండు కూడా పుస్తకంలో కాంబికి వాడొచ్చని రాసి ఉంటేనే పెట్టాలి, అదీ మీ ఓవెన్‌తో వచ్చిందే కావాలి. కాళ్ళు పళ్ళెం మీద నిలకడగా ఉండాలి, గోడకు తగలకూడదు.

ఇన్ని గుర్తుపెట్టుకోలేం అంటారా? మూడు బటన్లకూ పనికొచ్చే గిన్నె ఒకటుంది. వేడిని తట్టుకునే బోరోసిలికేట్ గాజు గిన్నె. బోరోసిల్ అంటే షాపువాడే తీసిస్తాడు. ఊరగాయ సీసా గాజుకీ దీనికీ పోలిక లేదు. మెలమైన్ పళ్ళాలు మాత్రం రెండింటిలో దేనికీ పనికిరావు. వినడానికి పింగాణీలా టంగుమన్నా అది ప్లాస్టిక్ జాతే, మైక్రోలో తనే వేడెక్కి పగుళ్ళిస్తుంది. బంగారు అంచు కూడా లోహమే కాబట్టి ఆ కప్పులు బీరువాలోనే అందంగా ఉంటాయి.

ప్ర: మా అమ్మాయి పురిటికి వచ్చింది. ఓవెన్ ఆన్ చేస్తే వంటింట్లోంచి పంపించేస్తున్నాను. మా వారు సెల్‌ఫోన్ లోపల పెట్టి, తలుపు మూసి రింగ్ ఇచ్చారు. మోగింది! కిరణాలు లీకవుతున్నట్టేగా? చాలా టెన్షన్‌గా ఉంది.
– హనుమకొండ నుంచి ఒక తల్లి

జ: మీ వారి పరీక్ష అందరూ చేసేదే, దానివల్ల తేలేది ఏమీ లేదు. సెల్‌ఫోన్ చాలా బలహీనమైన సిగ్నల్‌ని కూడా పట్టుకునేలా తయారైంది. టవర్ నుంచి వచ్చిన సిగ్నల్‌లో ఆవగింజంత లోపలికి చేరినా మోగుతుంది. మోగినంత మాత్రాన తలుపు చెడిపోయినట్టు కాదు. పైగా ఆ పరీక్షలో ఎవరైనా పొరపాటున స్టార్ట్ నొక్కితే ఫోన్ పోతుంది.

తలుపు అద్దం వెనకాల చిన్న చిన్న చిల్లులున్న రేకు చూశారా? ఓవెన్ తరంగం పొడవు దాదాపు 12 సెంటీమీటర్లు. ఆ చిల్లు ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. వెలుతురు దాటుతుంది కాబట్టి మనకు లోపల కనిపిస్తుంది, తరంగం మాత్రం దాటలేదు. కొద్దిపాటి లీకు ఏ ఓవెన్‌లోనైనా ఉంటుంది. దానికీ హద్దు పెట్టారు: 5 సెంటీమీటర్ల దూరంలో కొలిస్తే చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు దాటకూడదు. దూరం జరిగేకొద్దీ అది చాలా త్వరగా తగ్గిపోతుంది. తలుపు తీసిన క్షణంలోనే మాగ్నెట్రాన్ ఆగిపోతుంది, తరంగాలు లోపల మిగిలి ఉండవు. ఎక్స్‌రే జాతి కిరణాలు కావివి, చేసే పనల్లా వేడి చేయడమే. తిండిలోనూ ఏమీ మిగలదు. తలుపు బాగున్న ఓవెన్ దగ్గర గర్భిణి నిలబడినా ఫరవాలేదు. మనశ్శాంతి కోసం ఒక చెయ్యి దూరంలో ఉండమనండి, చాలు.

ఆ టెన్షన్‌లో సగం తలుపు మీద పెట్టండి. ఒక కాగితాన్ని తలుపుకీ అంచుకీ మధ్య పెట్టి మూసి మెల్లగా లాగండి. నాలుగు వైపులా కాస్త బిగువుగా ఉండాలి, ఒక మూల వదులుగా జారిపోతే మెకానిక్‌కి చూపించండి. లీకు ఎంతో ఆ కాగితం చెప్పదు, తలుపు వంగిందా లేదా అన్నదే చెబుతుంది. కొక్కేలు విరిగినా, అద్దం పగిలినా, అంచున తుప్పు పట్టినా వాడకం ఆపేయాలి. నా బల్ల మీదికి వచ్చే వంగిన తలుపుల్లో ఎక్కువ వాటికి కారణం ఒకటే, బరువు: కిందికి తెరుచుకునే తలుపు మీద వేడి గిన్నె దించుతారు, లేకపోతే పిల్లలు పట్టుకుని వేలాడతారు.

ప్ర: మా నాన్నగారికి పేస్‌మేకర్ ఉంది. ఓవెన్ కొనొచ్చా?
– నిజామాబాద్

జ: కొనొచ్చు. ఇప్పటి పేస్‌మేకర్లకు లోపలే రక్షణ ఉంటుంది. డాక్టరుగారిని ఎలాగూ చెకప్‌కి కలుస్తారు కదా, ఒక మాట అడిగితే నాన్నగారికి ధైర్యంగా ఉంటుంది.

ప్ర: సార్, అద్దె ఇల్లు. వంటింట్లో చిన్న ప్లగ్ ఒక్కటే. ఓవెన్ పిన్ను లావు. ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి, ఫ్రిజ్, మిక్సీ, ఓవెన్ అన్నీ దానికే ఇచ్చాం. ఓవెన్ వంటిని ముట్టుకుంటే జిల్లుమంటోంది. చెప్పులు వేసుకుంటే రావట్లేదు కాబట్టి నడిపిస్తున్నాం.
– అనకాపల్లి నుంచి ఒక ఉద్యోగి

జ: బాబూ, ఈ నెల ఉత్తరాల్లో నాకు నిజంగా భయం వేసింది మీది చదివే. ముందు ప్లగ్ తీసేసి తర్వాత మిగతాది చదవండి.

జిల్లుమంటోందంటే ఎర్తింగ్ అందడం లేదు. లావు పిన్నుల ప్లగ్‌లో పైన ఉన్న మూడో పిన్ను అందుకే ఉంది. లోపల ఏ వైరైనా తెగి వంటికి తగిలితే కరెంటు ఆ పిన్ను దారిన భూమిలోకి పోవాలి. మీ ఇంట్లో ఆ దారి లేదు. రేపు తడి కాళ్ళతో ఎవరైనా ముట్టుకుంటే కరెంటు వాళ్ళ ఒంట్లోంచే పోతుంది. చెప్పులు ఎర్తింగ్‌కి బదులు కావు.

రెండోది లోడు. చిన్న ప్లగ్ 6 ఆంపియర్లది. 230 వోల్టుల దగ్గర లెక్క వేస్తే 1,380 వాట్లు, అదీ కొత్త సాకెట్, మంచి వైరు అయితే. మీ ఓవెన్ మీద పెద్ద అక్షరాలతో 800 వాట్లు అని ఉంటుంది. అది తిండికి అందే లెక్క. కరెంటు ఎంత లాగుతుందో వెనకాల అంటించిన రేకు మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. 800 వాట్ల ఓవెన్ దాదాపు 1,200 నుంచి 1,300 వాట్లు లాగుతుంది. దానికి తోడు ఫ్రిజ్, మిక్సీ ఒకే బాక్సు మీద! బాక్సులోని ఇత్తడి రేకులు వదులై, వేడెక్కి, ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరుగుతుంది. అలాంటి బాక్సులు నాకు వారానికోటి కనిపిస్తాయి. వాసన వచ్చేనాటికి లోపల కరిగిపోయి ఉంటుంది.

ఇంటివారితో మాట్లాడి, ఎలక్ట్రీషియన్‌తో మెయిన్ బోర్డు నుంచి విడిగా లావు వైరు లాగించి, 16 ఆంపియర్ల పవర్ ప్లగ్, దానికో ఎం.సి.బి. (లోడు మించితే తనే ఆగిపోయే స్విచ్) పెట్టించండి. ఎర్తింగ్ కూడా పరీక్షించమనండి. ఖర్చు ఎవరిది అనేది మీరూ ఇంటివారూ తేల్చుకోవాల్సిన సంగతి. తేలేదాకా ఓవెన్ అట్టపెట్టెలోనే ఉండనివ్వండి. ఇన్వర్టర్ మీద నడుస్తుందా అని ఇంకొకరు అడిగారు. ఫ్యాన్లు, లైట్ల కోసం పెట్టుకున్న ఇన్వర్టర్ మీద వద్దు.

ప్ర: ఓవెన్‌లో కుడివైపు గోడ దగ్గర టపటపా మెరుపులు. అక్కడ అట్టలాంటి ముక్క నల్లగా కాలింది. మా అబ్బాయి యూట్యూబ్ చూసి ఓవెన్ విప్పేస్తానంటున్నాడు.
– కర్నూలు

జ: ఆ అట్టముక్క మైకా షీటు. తరంగాలు లోపలికి వచ్చే కిటికీకి అది మూత. ఉప్మా, పులుసు చిట్లి దాని మీద పడి, తుడవకుండా వదిలేస్తే మళ్ళీ మళ్ళీ వేడెక్కి బొగ్గవుతుంది, ఆ బొగ్గు మీద నిప్పురవ్వలు లేస్తాయి. మొన్న వచ్చిన ఒక ఓవెన్‌లో మైకా మీద నాలుగు ఆవాలు అతుక్కుని, ఒక్కో ఆవగింజ చుట్టూ రూపాయి బిళ్ళంత మచ్చ కాలి ఉంది. అంత చిన్న నిర్లక్ష్యం చాలు. షీటు ఖరీదు తక్కువే. ప్లగ్ తీసేసి, పాతది ఊడదీసి అదే కొలతకు కొత్తది కత్తిరించి పెడితే సరిపోతుంది, కొన్నిటికి ఒక స్క్రూ ఉంటుంది. మీ అబ్బాయిని అంతవరకు చెయ్యనివ్వండి. కాలిన షీటుతో మాత్రం నడపొద్దు.

బయటి రేకు విప్పడం వేరే సంగతి. దానికి ఒప్పుకోవద్దు. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ దాదాపు 2,000 వోల్టులు ఇస్తుంది, దాన్ని కెపాసిటర్, డయోడ్ కలిసి ఇంకా పెంచుతాయి. మిక్సీ లాంటిదైతే ప్లగ్ తీశాక కొంత ధైర్యంగా విప్పుతాం. ఇక్కడ ప్లగ్ తీసి పక్కన పెట్టినా కెపాసిటర్‌లో కరెంటు నిలవ ఉండొచ్చు. నేను విప్పినప్పుడు మొదట చేసే పని దాన్ని ఖాళీ చేయడం. అదీ ఒక చెయ్యి వెనక్కి కట్టుకుని, ఇన్సులేషన్ ఉన్న పనిముట్టుతో. షాపులో కుర్రాళ్ళకి మిక్సీలు మొదటి నెలలోనే ఇస్తాను. ఓవెన్ రేకు మీద చెయ్యి వేయడానికి మాత్రం ఏడాది ఆగాలి.

ప్ర: మామయ్యగారూ, కాల్చిన వంకాయ పచ్చడంటే మా ఇంట్లో అందరికీ ప్రాణం. గ్యాస్ మీద కాలిస్తే బర్నర్ అంతా పాడు. గ్రిల్‌లో పెడితే పోయినసారి వంకాయ బాంబులా పేలింది.
– రాజమహేంద్రవరం నుంచి ఒక కొత్త కోడలు

జ: పేలింది గ్రిల్ వల్ల కాదు తల్లీ, తొక్క వల్ల. లోపలి నీరు ఆవిరై బయటకు దారి లేక చీల్చుకుంది. చిలగడదుంప, బంగాళదుంప, టమాటా, గుడ్డు అన్నిటికీ ఇదే గుణం. గుడ్డును పెంకుతో మాత్రం మైక్రోలో ఎప్పుడూ పెట్టొద్దు. ఉడికిన గుడ్డు కూడా తీసి కొరికేటప్పుడు పేలిన సందర్భాలున్నాయి.

ఇక మా ఆవిడ పద్ధతి. పచ్చడికి వాడే పెద్ద గుండ్రటి వంకాయ, పావుకిలోకి కాస్త అటూఇటూ ఉన్నది తీసుకోండి. కడిగి పొడిగా తుడిచి, ఫోర్కుతో చుట్టూ గుజ్జు దాకా దిగేలా గుచ్చండి. తొడిమె దగ్గర మర్చిపోవద్దు, ఎక్కువ పేలేది అక్కడే. ఒక చెంచా నువ్వులనూనె పట్టించండి. ఎక్కువ రాస్తే చిట్లి పై రాడ్డుకి అంటుకుంటుంది, తర్వాత ప్రతిసారీ పొగ. ముందు గాజు పళ్ళెంలో, స్టాండు లేకుండా, మైక్రోలో నాలుగైదు నిమిషాలు. కాయ మెత్తబడి కాస్త కుంగుతుంది. అప్పుడు ఎత్తు స్టాండు మీదికి మార్చి, కింద రసం పడటానికి బోరోసిల్ పళ్ళెం పెట్టి గ్రిల్ ఒక్కటే నొక్కండి. ఒకవైపు ఏడెనిమిది నిమిషాలు, పట్టకారుతో తిప్పి మళ్ళీ అంతే. తొక్క ముడతలు పడి నల్లబడాలి, చెంచాతో నొక్కితే గుజ్జులోకి దిగబడాలి. ఆ సమయంలో అక్కడే ఉండండి, టీవీ దగ్గరికి వెళ్ళొద్దు. తలుపు తీసేటప్పుడు మొహం దూరంగా పెట్టుకోండి, ఆవిరి ఒక్కసారిగా పైకి లేస్తుంది.

కుంపటి మీద కాల్చిన పొగవాసన దీనికి రాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. మీ అత్తగారు కనిపెట్టేస్తారు. చివర్లో ఒక్క నిమిషం గ్యాస్ మంట మీద తిప్పితే ఆ లోటు కొంత తీరుతుంది, బర్నరూ అంత పాడవదు.

అయ్యాక వేడి గాజు పళ్ళేన్ని సింకులో చన్నీళ్ళ కింద పెట్టకండి, చిట్లుతుంది. ఫ్యాన్ తిరుగుతుంటే ఆగేదాకా ప్లగ్ తీయకండి. పూర్తిగా చల్లారాక ఒక గిన్నెలో నీళ్ళు, నిమ్మచెక్క, చెక్క గరిటె వేసి మైక్రోలో మూడు నాలుగు నిమిషాలు తిప్పితే ఆవిరికి జిడ్డంతా నాని, గుడ్డతో వచ్చేస్తుంది. రాడ్డును స్టీలు పీచుతో రుద్దొద్దు.

ప్ర: కప్పులో నీళ్ళు వేడిచేసి కాఫీపొడి వేయగానే భగ్గున పొంగి చెయ్యి కాలింది. నీళ్ళు మరగనే లేదు!
– ఒంగోలు

జ: మరిగే వేడి దాటిపోయాయి, బుడగ రాలేదంతే. నునుపైన కప్పులో కదలకుండా వేడెక్కిన నీళ్ళకు ఇలా జరగొచ్చు. పొడి పడగానే ఉన్న ఆవిరంతా ఒక్కసారి లేస్తుంది. నీళ్ళతో పాటు చెక్క చెంచా ఒకటి వేసి పెట్టండి, ఆగాక అర నిమిషం తలుపు తీయకండి. ఒకసారి కాచి చల్లారిన నీళ్ళతో ఇంకా జాగ్రత్త. పోపు కూడా ఓవెన్‌లో వేస్తున్నామని ఇద్దరు రాశారు. నూనె ఎంత వేడెక్కిందో అక్కడ చెప్పేవాడు లేడు. పోపు గరిట ఉంది, గ్యాస్ ఉంది, అక్కడే కానివ్వండి.

ప్ర: కరివేపాకు ఎండబెడదామని మైక్రోలో పెడితే అంటుకుంది. తలుపు తీసి నీళ్ళు కొట్టాం.
– సిద్దిపేట

జ: తలుపు తీయకూడదు. తీస్తే గాలి తగిలి మంట పెద్దదవుతుంది. ఓవెన్‌లో నీళ్ళు కొట్టడం కరెంటుతో ఆడుకోవడమే. గోడ మీద స్విచ్ ఆపి, అందితే ప్లగ్ లాగి, తలుపు మూసే ఉంచండి. లోపలి గాలి అయిపోయి తనే ఆరిపోతుంది. ఎండుతున్న కరివేపాకు, ఎండుమిర్చి లాంటి తడి తక్కువ వాటికి ఈ ఓవెన్ నప్పదు. తరంగాలకు నీరు దొరకనప్పుడు ఖాళీ ఓవెన్ నడిపినట్టే, మాగ్నెట్రాన్‌కీ చేటు. ఎండ ఉచితం కదా. అప్పడాలు మాత్రం ఒక్కొక్కటి వేయండి, ముప్పై నలభై సెకన్లు, పక్కనే నిలబడి.

ప్ర: అమెరికాలోని ఆస్టిన్ నుంచి మా అబ్బాయి తిరిగి వచ్చేస్తున్నాడు. అక్కడి ఖరీదైన ఓవెన్ తెస్తానంటున్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే చాలదా?
– గుంటూరు

జ: చాలదండీ. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్ (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క). ఇక్కడ 230, 50. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు తగ్గిస్తుంది, హెర్ట్జ్ మార్చదు. 60కి చుట్టిన ఓవెన్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ 50 మీద వేడెక్కిపోతుంది. కొన్నిటిలో గడియారం కూడా నెమ్మదిగా నడుస్తుంది. ఆ బరువును విమానంలో మోసుకొచ్చే డబ్బుతో ఇక్కడ గ్యారంటీతో కొత్తది వస్తుంది.

ప్ర: చంటిపాప పాలసీసా, రాత్రి మిగిలిన అన్నం – రెండూ వేడి చేయొచ్చా?
– శ్రీకాకుళం

జ: పాలసీసా వద్దు. సీసా గోరువెచ్చగా తగులుతుంది, మధ్యలో ఒకచోట పాలు నోరు కాలేంత ఉంటాయి. వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టండి. అన్నం రాత్రి బయట ఉండిపోయిందా, ఫ్రిజ్‌లో పెట్టారా అన్నది ముఖ్యం. గంటలకొద్దీ బయట ఉన్న అన్నంలో ఒక రకం సూక్ష్మజీవి విషం తయారుచేస్తుంది, ఎంత వేడి చేసినా అది పోదు. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టిందైతే నీళ్ళు చిలకరించి, మూత ఓరగా పెట్టి, మధ్యలో ఒకసారి కలిపి, అంతటా పొగలొచ్చేదాకా వేడి చేయండి.

ప్ర: డిస్‌ప్లే అద్దం వెనక బొద్దింకలు తిరుగుతున్నాయి. హిట్ కొట్టొచ్చా?
– విశాఖపట్నం

జ: వద్దు. ఆ స్ప్రే మంటకు అంటుకునేది, పైగా రేపు అందులోనే తిండి పెడతారు. వెచ్చగా ఉంటుందనీ, తిండి మెతుకులు దొరుకుతాయనీ అవి చేరతాయి. ప్లగ్ తీసి, వెనకాల ఉన్న గాలి చిల్లుల దగ్గర దుమ్ము తుడిచి, ఓవెన్ కింద, గోడ మూలల్లో జెల్ మందు చుక్కలు పెట్టండి. గోడకు ఆనించి ఉంటే జరపండి. పక్కల, పైన ఎంత ఖాళీ వదలాలో పుస్తకంలో ఉంటుంది. బటన్లు వాటంతటవే నొక్కుకుంటున్నట్టుగా ఉంటే బోర్డు మీద అవి చేసిన మురికి చేరినట్టు, అప్పుడు ప్లగ్ పెట్టకుండానే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి.